అన్నయ్య సంతకం పెట్టమంటున్నాడు, పెడితే టాక్స్ తగ్గుతుందా?

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు, వయసు 47. ఎరువుల కొట్టు నడిపిన వాళ్ల నాన్నగారు 1989లో గుంటూరు శివార్లలోని ఒక లేఅవుట్‌లో 600 గజాల స్థలం 48 వేలకు కొన్నారు. 2016లో పోయారు. వీలునామా రాయలేదు. అమ్మ, అన్నయ్య, ఈవిడ, చెల్లెలు ఉన్నారు.

ఇప్పుడు ఆ స్థలానికి కోటీ ఇరవై లక్షల బేరం వచ్చింది. కొనే ఆయన 80 లక్షలు బ్యాంకు ద్వారా, మిగతా 40 లక్షలు నోట్లుగా ఇస్తానంటున్నాడు. మొత్తం వైట్‌లోనే కావాలంటే ఆరు లక్షలు తగ్గించమంటున్నాడు. ప్రభుత్వ మార్కెట్ విలువ గజం 13 వేలు, అంటే 78 లక్షలు.

బెంగళూరులో ఉంటున్న అన్నయ్య ఫోన్‌లో రెండు మాటలు చెప్పారట. ఒకటి, "బ్లాక్ తీసుకోకపోతే సగం టాక్స్‌కే పోతుంది." రెండు, "నలుగురి పేర్ల మీద అమ్మితే నలుగురికీ టాక్స్ పడుతుంది. మీరు ముగ్గురూ వాటా వదులుకుంటున్నట్టు నాకు రిలీజ్ డీడ్ రాసేయండి. నేను అమ్మి ఎవరి డబ్బు వాళ్లకి పంపిస్తాను." అమ్మ "అన్నయ్య చెప్పినట్టు చెయ్యండి" అంటున్నారు. చెల్లెలి భర్తేమో "ఒకప్పుడు అది పొలమే, పొలానికి టాక్స్ ఉండదు" అంటున్నారు. అన్నయ్య కార్తీకంలో వనభోజనాలకు వస్తున్నారు. ఆయన వచ్చేలోగా కాగితాలు సిద్ధం చేయించాలి. రిజిస్ట్రేషన్ 2025 డిసెంబరులో.

ఈవిడ రాసిన ఒక వాక్యం అలాగే ఇస్తున్నాను: "అన్నయ్య మోసం చేస్తాడని కాదు సార్, కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టాలంటే చెయ్యి రావడం లేదు, అడిగితే డబ్బు కోసం అనుమానించానంటాడు." బి.టెక్. చివరి ఏడాదిలో ఉన్న వాళ్లబ్బాయి వచ్చే ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్లాలి. దానికి 20 లక్షలు కావాలి. చట్టప్రకారం టాక్స్ తగ్గించుకునే దారి ఉందా అని ఈవిడ ప్రశ్న.

సమాధానం:

ఉంది. ఒకటి కాదు, మూడు నాలుగున్నాయి. మీరు లెక్కల టీచరు కాబట్టి అంకెలతోనే మాట్లాడతాను, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ముందు మీకు పనికిరాని రెండు సలహాలు పక్కన పెడదాం. మీ మరిది గారి పొలం సంగతి చెల్లదు. మున్సిపల్ హద్దులకు కొంత దూరం దాటిన వ్యవసాయ భూమికి మూలధన లాభం పన్ను లేని మాట నిజమే. గుంటూరంత ఊరికి ఆ దూరం ఆరు కిలోమీటర్లు. కానీ మీది లేఅవుట్ ప్లాటు. దూరం కొలిచే టేపు తీయాల్సిన పని కూడా లేదు. ఇక ఎల్ఐసీ, పీపీఎఫ్ లాంటివి ఎన్ని కట్టినా స్థలం అమ్మిన లాభం మీద పన్ను ఒక్క రూపాయి తగ్గదు. ఈ మాట అంటున్నది ఎందుకంటే, రిజిస్ట్రేషన్ అయిన వారంలో మీ ఇంటికి ఒక ఏజెంటు తప్పకుండా వస్తాడు.

ఇప్పుడు అసలు లెక్క. "సగం టాక్స్‌కే పోతుంది" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న నేను స్థలం అమ్మిన ప్రతి కుటుంబం నోటా అదే వింటున్నాను. మొత్తం వైట్‌లో కోటీ పద్నాలుగు లక్షలకే అమ్మారనుకోండి. కొన్న ధరగా 48 వేలు చూపించనక్కరలేదు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి ఆ రోజు విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. వారసత్వంగా వచ్చినా సరే, నాన్నగారు కొన్న తేదీనే లెక్క. స్థలానికైతే ఆ విలువ రిజిస్ట్రార్ ఆఫీసులోని 2001 నాటి మార్కెట్ విలువను మించకూడదు. మీరు కనుక్కుని రాసినట్టు అది గజం 900 అయితే, 600 గజాలకు 5 లక్షల 40 వేలు. లాభం కోటీ 8 లక్షల 60 వేలు.

దీని మీద పన్ను రెండు రకాలుగా లెక్కవేసి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. 2024 జులై 23కు ముందు సంపాదించిన స్థలాలు, ఇళ్లకు, దేశంలో ఉంటున్న వ్యక్తులకు ఈ వీలు ఇచ్చారు. ఒకటి, కొన్న ధరను ధరల సూచీతో పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం. 2001లో 100 ఉన్న ఆ సూచీ 2025-26లో 376 కాబట్టి 5.40 లక్షలు 20 లక్షల 30 వేల 400 అవుతుంది, పన్ను 18 లక్షల 73 వేల చిల్లర. రెండోది సూచీ లేకుండా 12.5 శాతం, 13 లక్షల 57 వేల 500. మీకు రెండోదే నయం. ప్రహరీ గోడ కట్టించామని రాశారు. అది 2001 తర్వాతదై, బిల్లులో బ్యాంకు చెల్లింపో దొరికితే ఆ ఖర్చు, బ్రోకర్ కమిషన్ కూడా తీసేయవచ్చు. అవి లేకుండానే నేను లెక్క వేస్తున్నాను.

ఇక్కడే అన్నయ్య చెప్పిన రెండో మాట తిరగబడుతుంది.

స్థలం నాన్నగారు సొంతంగా కొన్నది, వీలునామా లేదు. కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నలుగురివీ సమాన వాటాలు. నలుగురూ వారసులుగా అమ్మితే ఒక్కొక్కరికి 28 లక్షల 50 వేలు వస్తుంది, లాభం 27 లక్షల 15 వేలు. పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 3 లక్షల 52 వేల 950. నలుగురిదీ కలిపితే 14 లక్షల 11 వేల 800. అదే మొత్తం అన్నయ్య ఒక్కరి పేరు మీద అమ్మితే ఆయన ఆదాయం కోటి దాటుతుంది, అప్పుడు ఆ పన్ను మీద 15 శాతం సర్‌ఛార్జి. సెస్సుతో కలిపి మొత్తం 16 లక్షల 23 వేల 570. అంటే సంతకం పెట్టి మీరు రెండు లక్షల పైన పన్ను పెంచినట్టు. నలుగురికి పన్ను పడటం కాదిది, ఒకే పన్ను నలుగురి మధ్య పంచుకోవడం. పంచుకున్న కొద్దీ పైమెట్లు తగలవు.

ఇంకో సంగతి కూడా ఉంది, దీని విలువ ఇంకా ఎక్కువ. ఆదాయపు పన్ను చట్టం 54ఈసీ సెక్షన్ కింద ఆర్ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్ఎఫ్‌సీ అనే ప్రభుత్వ సంస్థల బాండ్లలో లాభాన్ని ఆరు నెలల్లోపు పెడితే పెట్టినంత మేరకు పన్ను ఉండదు. మనిషికి పరిమితి 50 లక్షలు. నలుగురైతే మీ లాభమంతా పరిమితిలో ఇమిడిపోతుంది, పన్ను సున్నా. అన్నయ్య ఒక్కరే అయితే 50 లక్షలకే, మిగతా 58 లక్షల 60 వేలకు సర్‌ఛార్జి, సెస్సు కలిపి సుమారు 8 లక్షల 38 వేలు కట్టాలి. పైగా ఆయనకు బెంగళూరులో రెండు ఫ్లాట్లున్నాయని రాశారు. అమ్మే రోజుకు ఒకటికి మించి ఇళ్లున్న వాళ్లకు 54ఎఫ్ కింద ఇల్లు కొని పన్ను తప్పించుకునే వీలు లేదు. మీ ఇంట్లో అందరికంటే తక్కువ మినహాయింపులు దక్కే మనిషి చేతిలో స్థలమంతా పెట్టబోతున్నారు.

ఆయన కావాలని చెప్పారని నేను అనను. ఇలాంటివి ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో చెబితే నమ్మేస్తారు, చదువుకున్న వాళ్లు మరీను. నలుగురు రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి కూర్చోవడం కష్టం, అమ్మకి మోకాళ్ల నొప్పులు అన్నదే ఆయన బాధ అయితే దానికి వేరే మందుంది. అమ్మ, చెల్లెలు ఆ ఒక్క అమ్మకానికి పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టరు చేసి ఇవ్వవచ్చు. సంతకం ఆయన పెడతారు, వాటా మాత్రం ఎవరిది వాళ్లదే, డబ్బు ఎవరి ఖాతాలో వాళ్లకే పడుతుంది. రిలీజ్ డీడ్ అలా కాదు. అది రాసిన రోజు నుంచి మీకు ఆ స్థలంతో సంబంధం లేదు. తర్వాత అన్నయ్య పంపే డబ్బు ఆయన దయ. తోబుట్టువు ఇచ్చినదానికి మీకు పన్ను ఉండదు, నిజమే, కానీ అడిగే హక్కు కూడా ఉండదు. ఆయనకు ఏదైనా జరిగితే మాట్లాడాల్సింది వదినతో, పిల్లలతో. వాటా అన్నయ్యకే వదిలేయాలని మీకు మనస్ఫూర్తిగా ఉంటే అది వేరు, రాసివ్వండి. టాక్స్ కోసమని మాత్రం రాయకండి.

ఇక నోట్ల సంగతి. ఇందులో మీకు నిజం చెప్పాలి. బ్లాక్ తీసుకుని, ఎవరికీ పట్టుబడకపోతే, మీ చేతికి ఎక్కువే వస్తుంది. లెక్క వేశాను. మీ వాటాకు 20 లక్షలు వైట్, 10 లక్షలు నోట్లు అయితే పన్ను పోను మీకు మిగిలేది 27 లక్షల 57 వేలు. మొత్తం వైట్, ధర తగ్గించి, పన్ను నిండా కడితే 24 లక్షల 97 వేలు. తేడా రెండు లక్షల అరవై వేలు. చిన్న మొత్తమేం కాదు. అన్నయ్య చెప్పేది ఈ తేడా గురించే అయితే ఆయన లెక్క తప్పు కాదు.

కానీ తక్కెడలో రెండో పక్క కూడా చూడండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నోట్లుగా తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ, అంటే మీ వాటాకు పది లక్షలు. లెక్క చెప్పలేని డబ్బుగా పట్టుకుంటే దాని మీద పన్ను, సర్‌ఛార్జి, సెస్సు కలిపి 78 శాతం. 30 లక్షలు, ఆపైన జరిగే ప్రతి రిజిస్ట్రేషన్ వివరం రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి పన్ను శాఖకు వెళ్తుంది. పక్క ప్లాటు ఎవరైనా పూర్తి ధరకు రిజిస్టరు చేయించుకుంటే మీ ధర తేలిపోతుంది. కొనేవాళ్లతో తగాదా వచ్చినా ఇబ్బందే. రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరైనా దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలపాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది.

ఇవన్నీ పక్కన పెట్టినా, మీకు ఆ పది లక్షలు ఏం పని చేస్తాయి? అబ్బాయి వీసాకి బ్యాంకు బ్యాలెన్స్ చూపాలి, నోట్లు చూపలేరు. చెల్లెలు ఫ్లాటు కొంటానంటోంది, బిల్డరుకు చెక్కే ఇవ్వాలి. 2016 నవంబరు 9 పొద్దున్నే ఒక పెద్దాయన నా ఆఫీసు తలుపు తట్టారు. చేతిలో పాత బిస్కట్ల డబ్బా. అందులో ఏడు లక్షలు, అన్నీ వెయ్యి నోట్లు, రబ్బరు బ్యాండ్లు కరిగి నోట్లకు అంటుకుపోయి ఉన్నాయి. స్థలం అమ్మిన బ్లాక్, ఎనిమిదేళ్లుగా వాడే దారి దొరక్క బియ్యం డ్రమ్ము వెనక దాచారట.

అసలు బ్లాక్ ఎవరి అవసరమో కూడా గమనించండి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి ఏడున్నర శాతం. 40 లక్షలు దాస్తే కొనే ఆయనకు మూడు లక్షలు మిగులుతుంది, ఇంట్లో మూలుగుతున్న నోట్లూ వదిలిపోతాయి. మరోపక్క మీకు ఆరు లక్షలు కోత పెడుతున్నాడు. బేరం ఇంకా ఉంది. "మూడు తగ్గిస్తాం, మొత్తం వైట్" అని అడిగి చూడండి.

ఇప్పుడు మీ నలుగురికీ విడివిడిగా. కొనేవాళ్లు ఒక్కొక్కరి వాటాలో ఒక శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోస్తారు. మీ వాటా 50 లక్షల లోపే కదా అని ఊరుకోకూడదు, 2024 అక్టోబరు నుంచి మొత్తం అమ్మకం ధరే చూస్తున్నారు. ఆ 28,500 తర్వాత మీ పన్నులో సర్దుకుంటుంది.

చెల్లెలికి సొంతిల్లు లేదు కాబట్టి 54ఎఫ్ ఆమెకు చక్కగా సరిపోతుంది. అయితే దీనిలో లాభం కాదు, వచ్చిన మొత్తం 28.50 లక్షలూ ఇంటికి పెట్టాలి. 20 లక్షలే పెడితే మినహాయింపు కూడా ఆ నిష్పత్తిలోనే, 19 లక్షల చిల్లరకే. అమ్మిన రెండేళ్లలోపు కొనాలి, కట్టుకుంటే మూడేళ్లలోపు. ఏడాది ముందే కొని ఉన్నా ఒప్పుకుంటారు. ఫ్లాటు ఆమె పేరు మీద ఉండాలి, "ఆయన పేరు మీద తీసుకుందాం" అనేస్తే గొడవే. 2026 జులై 31లోపు కొనడం కుదరకపోతే ఆ డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు సేవింగ్స్‌లో ఉంచితే లెక్కలోకి రాదు. మూడేళ్లలోపు ఆ ఫ్లాటు అమ్మితే మాఫీ అయిన పన్ను తిరిగి మెడకు చుట్టుకుంటుంది.

అమ్మకు బ్యాంకు వడ్డీ ఏడాదికి 60 వేలు తప్ప ఆదాయం లేదన్నారు. కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్ను లేదు. మిగిలిన 3 లక్షల 40 వేల వెసులుబాటును ఈ లాభానికి వాడుకోవచ్చు. కాబట్టి ఆమె బాండ్లలో 23 లక్షల 75 వేలు పెడితే చాలు, పన్ను సున్నా, 4 లక్షల 75 వేలు చేతిలో. బాండ్ల వడ్డీ ఐదుంపావు శాతం, ఏడాదికి లక్షా పాతిక వేల దాకా వస్తుంది. ఆ వడ్డీ ఆదాయం కిందికే వస్తుంది గానీ ఆమెకు పన్ను పడేంత కాదు. ఐదేళ్లు కదలవు, వాటి మీద లోను కూడా తీసుకోకూడదు. 74 ఏళ్ల మనిషి డబ్బు అంతకాలం కట్టేయడం ఇష్టం లేకపోతే 3 లక్షల 8 వేల 750 కట్టేసి స్వేచ్ఛగా ఉండొచ్చు. అది ఆమెనే అడగండి. మనం అమ్మల డబ్బు గురించి అమ్మల్ని తప్ప అందరినీ అడుగుతాం.

మీ సంగతి కొంచెం చిక్కు. మీకు ఒక ఫ్లాటు ఉంది, 54ఎఫ్‌కు అది అడ్డు కాదు, కానీ మీకు ఇల్లు కాదు కావాల్సింది, ఆగస్టుకు 20 లక్షలు. మొత్తం బాండ్లలో పెట్టి అబ్బాయికి ఎడ్యుకేషన్ లోను తీసుకుంటే? బాండ్లలో 20 లక్షలు పెడితే పన్ను 2 లక్షల 60 వేలు తగ్గుతుంది. లోను వడ్డీ పది శాతం అనుకుంటే, బాండ్లిచ్చే ఐదుంపావు పోను ఏడాదికి 95 వేలు ఎదురు పెట్టాలి. మూడేళ్లకే మిగిల్చింది కరిగిపోతుంది. బాండ్లు మాత్రం ఐదేళ్లు. పన్ను తగ్గించుకుని నష్టపోవడమంటే ఇదే. బాండ్లలో ఐదు లక్షలే పెడితే 65 వేలు మిగులుతుంది, 2 లక్షల 88 వేలు పన్ను కట్టాలి, చేతిలో 20 లక్షల 62 వేలు ఉంటుంది. అబ్బాయికి సగం స్కాలర్‌షిప్ వచ్చే ఆశ ఉంటే, ఆరు నెలల గడువు జూన్ దాకా ఉంది కదా, అప్పటిదాకా ఆగి బాండ్ల మొత్తం పెంచండి. కట్టాల్సిన పన్ను మాత్రం మార్చి 15లోపు అడ్వాన్స్ టాక్స్‌గా కట్టేయాలి. తర్వాత బాండ్లు కొంటే ఎక్కువైనది వెనక్కి వస్తుంది. కట్టకపోతే వడ్డీ పడుతుంది. అమ్మకు వయసు రీత్యా ఈ అడ్వాన్స్ బెడద లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ల నంబర్లు వేరు. డిసెంబరులో రిజిస్ట్రేషన్ అయితే మీకు పాత చట్టమే. నంబర్లు చూసి కంగారు పడకండి.

అన్నయ్యతో మాట ఎలా మొదలుపెట్టాలని అడిగారు. "నాకు నమ్మకం లేదు" అని మొదలుపెడితే అక్కడే ఆగిపోతుంది. "అన్నయ్యా, ఒక్కరి పేరు మీదైతే నీకే సర్‌ఛార్జి పడుతోంది, చూడు" అని మొదలుపెట్టండి. అబద్ధం కాదు కదా, నష్టం ముందు ఆయనదే. పదహారు లక్షల ఇరవై మూడు వేలు ఒక పక్క, పద్నాలుగు లక్షల పదకొండు వేలు ఒక పక్క రాసిన కాగితం ముందుగా వాట్సాప్‌లో పంపండి. వనభోజనాల్లో అందరి ముందు కాకుండా ఆయన ఒక్కరే చదువుకునే వీలివ్వండి. ఆయన ఆడిటర్‌కు చూపించమనండి, నా మాట మీద నడవక్కరలేదు. చెల్లెలితో మాత్రం ముందే మాట్లాడి ఉంచండి, ఆమె ఫ్లాటు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది. అన్నీ చూశాక కూడా ఆయన రిలీజ్ డీడే కావాలని పట్టుబడితే, అప్పుడది టాక్స్ విషయం కాదు. ఆ మాట ఆయన నోటితో రానివ్వండి, తర్వాత నాకు మళ్లీ రాయండి.

ఈ వారంలో చేయాల్సినవి రెండే. రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 నాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. రెండోది, ఉత్తరం చివర చిన్నగా రాశారు, అమ్మకు పాన్ కార్డు లేదని. పాన్ లేకపోతే ఆమె వాటా మీద ఒక శాతం కాదు, 20 శాతం టీడీఎస్ కోస్తారు, అంటే 5 లక్షల 70 వేలు. ఆధార్‌లో ఆమె పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూడండి, పాత ఆధార్లలో జనవరి 1 అని వేసేసినవి చాలా ఉంటాయి.